ఐర్లండు తాత దొరికాడు, తెలుగు అవ్వ జాడేదీ?

పాత చర్చి రిజిస్టర్లలో పూర్వీకుల వేట – మన పల్లెలకూ అందులో ఒక పాఠం

వింజమూరు: ఇక్కడ బస్సెక్కి కలిగిరి మీదుగా కావలి చేరి, అక్కడినుంచి చెన్నై వైపు పోయే రైలుమార్గం పట్టుకుంటే కొద్ది దూరంలోనే బిట్రగుంట వస్తుంది. ఇవ్వాళ ఎక్స్‌ప్రెస్ రైళ్లు చాలావరకు ఆ స్టేషనులో ఆగకుండా వెళ్లిపోతాయి. బొగ్గు ఇంజన్ల కాలంలో అలా కాదు. అక్కడ పెద్ద ఇంజన్ షెడ్డు వుండేది. ఇంజన్లు అక్కడ బొగ్గూ నీళ్లూ నింపుకునేవి. డ్రైవర్లు, ఫైర్‌మెన్లు, గార్డులు అక్కడ డ్యూటీలు మారేవారు. వారికోసం కట్టిన రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఎన్నో కాపురముండేవి. ఆదివారం చర్చి, సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్, క్రిస్మస్ రోజుల్లో ఆటపాటలు – ఇదీ వారి జీవితం.

తండ్రి తరఫున యూరపువారి రక్తం, తల్లి తరఫున ఈ దేశపు రక్తం కలిగినవారే ఆంగ్లో ఇండియన్లు. పేరులో 'ఆంగ్లో' అని వున్నా వారిలో అందరి పూర్వీకులూ ఇంగ్లండువారు కారు. పోర్చుగీసువారు, డచ్చివారు, ఫ్రెంచివారు వున్నారు. అందరికంటె గమనించదగినవారు ఐర్లండువారు. మర్ఫీ, కెల్లీ, ఓబ్రయన్ వంటి ఐరిష్ ఇంటిపేర్లు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలలో వినిపించడానికి కారణం ఇదే.

1947 తరువాత ఈ కుటుంబాలలో చాలామంది ఇంగ్లండు, ఆస్ట్రేలియా, కెనడా దేశాలకు తరలిపోయారు. బొగ్గు ఇంజన్లు పోయి కరెంటు ఇంజన్లు రావడంతో బిట్రగుంట ప్రాభవం కూడా తగ్గిపోయింది. అయితే వెళ్లిపోయినవారి పిల్లలూ, వారి పిల్లలూ ఇప్పుడు ఒక ప్రశ్న పట్టుకుని పాత కాగితాలు తిరగేస్తున్నారు. "మా తాతల తాత ఎవరు? ఏ వూరినుంచి వచ్చాడు?" అన్నదే ఆ ప్రశ్న.

వారి వెతుకులాటలో సగం తేలికగానే సాగిపోతుంది. మిగతా సగం మాత్రం ఒకచోటికి వచ్చి ఆగిపోతుంది. ఆ ఆగిపోయే చోటు మన తెలుగునేలే కావచ్చును.

పటాలంలో చేరిన ఐరిష్ కుర్రవాళ్లు

ఐర్లండు ఇంగ్లండుకు పడమరగా సముద్రంలో వున్న చిన్న ద్వీపం. మనలాగే అదీ ఇంగ్లీషువారి పాలనలో నలిగిన దేశం. ప్రజలలో ఎక్కువమంది రోమన్ కేథలిక్కులు, పేద కౌలురైతులు. భూమి దొరలది, కష్టం వీరిది. అటువంటి ఇంట పుట్టిన కుర్రవాడికి తిండి దొరికే దారుల్లో ఈస్టిండియా కంపెనీ పటాలం ఒకటి. 1825–1850 మధ్యకాలంలో కంపెనీ బెంగాలు సైన్యానికి చేర్చుకున్న తెల్ల సిపాయిలలో దాదాపు సగంమంది ఐరిష్‌వారేనని చరిత్రకారుల లెక్క.

మద్రాసు సైన్యంలోనూ వారు చాలామంది వున్నారు. మచిలీపట్నం, బళ్లారి, సికిందరాబాదు దండులలో వారి పటాలాలు బసచేశాయి. మద్రాసులో పుట్టిన కంపెనీవారి తెల్ల పటాలమొకటి చివరకు 1881లో 'రాయల్ డబ్లిన్ ఫ్యూజిలీర్స్' అనే ఐరిష్ పటాలంలో కలిసిపోయింది. డబ్లిన్ అంటే ఐర్లండు రాజధాని.

సిపాయిలు ఐరిష్ కేథలిక్కులు కావడంతో వారికి ఇంగ్లీషు తెలిసిన ఫాదరీల అవసరం ఏర్పడింది. 1830ల నుంచి మద్రాసు కేథలిక్ పీఠానికి ఐర్లండునుంచే బిషప్పులు వచ్చారు. డేనియల్ ఓకానర్ వారిలో మొదటివాడు. 1841 నుంచి 1880 వరకు ఆ పీఠం జాన్ ఫెనెలీ, ఆయన తరువాత స్టీఫెన్ ఫెనెలీ అనే అన్నదమ్ముల చేతిలో వుంది. హైదరాబాదులో పనిచేసిన బిషప్పు డేనియల్ మర్ఫీ ఐర్లండులోని కార్క్ ప్రాంతంవాడు. ఆయన తరువాత ఆస్ట్రేలియాకు ఆవలి టాస్మేనియాలో హోబార్టుకు బిషప్పుగా వెళ్లాడు.

ఈ ఫాదరీలు ఎక్కడికి వెళ్లినా ఒక పని తప్పక చేశారు. పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానమిచ్చినా, జంటకు పెళ్లి చేసినా, చనిపోయినవారిని పాతిపెట్టినా రిజిస్టరులో రాశారు. ఇప్పుడు మనుమలకూ మునిమనుమలకూ దారి చూపుతున్నవి ఆ రాతలే.

కొడుకు నుంచి తండ్రికి, తండ్రి నుంచి తాతకు

ఈ వేట ఎలా సాగుతుందో ఒక ఉదాహరణ చూద్దాము. ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం అనుకుందాము. తాత రైల్వే డ్రైవరు. ఆయన ఎప్పుడు ఎక్కడ పుట్టాడో ఇంట్లోవారికి సుమారుగానే తెలుసు.

మొదట ఆయన జ్ఞానస్నానం రాత వెతుకుతారు. అందులో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, జ్ఞానస్నాన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, తండ్రి చేసే పని, వుండే వూరు, జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి పేర్లు, ఫాదరీ సంతకం వుంటాయి. కేథలిక్కులలో ఆ బిడ్డకు తరువాత పెళ్లయితే ఆ సంగతి కూడా పాత రాత పక్క మార్జినులో చేర్చే పద్ధతి వుంది. అందువల్ల ఒక రాత దొరికితే ఇంకో రాతకు దారి తెలుస్తుంది.

తండ్రి పేరు తెలిశాక ఆయన పెళ్లి రాత వెతుకుతారు. అందులో పెళ్లికొడుకు తండ్రి పేరు వుంటుంది. అలా మెట్టు మెట్టుగా వెనక్కి పోతే ఎక్కడో ఒకచోట 'సోల్జరు' అన్న మాట కనిపిస్తుంది. అక్కడినుంచి దారి చర్చినుంచి సైన్యం కాగితాలకు మళ్లుతుంది. సిపాయిని చేర్చుకునేటప్పుడు అతని వయసు, చేసే వృత్తి, పుట్టిన జిల్లా, ఊరు రాసుకునేవారు. ఆ వూరు పేరు దొరికితే ఐర్లండు వాకిలి తెరుచుకున్నట్టే.

ఈ కాగితాలన్నిటికోసం ప్రతి చర్చి గడపా తొక్కవలసిన పని లేదు. మద్రాసు రాజధానిలోని చర్చిలనుంచి ఏటేటా నకళ్లు తీయించి లండనుకు పంపేవారు. 1698 నుంచి ఆ నకళ్లు వున్నాయి. ఇప్పుడవి లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా వున్నాయి. అయితే ఒక మెలిక వుంది. మొదట్లో పంపినవి ఇంగ్లీషువారి సర్కారు చర్చి నకళ్లే. కేథలిక్ నకళ్లు 19వ శతాబ్దంలోగాని చేరలేదు. అన్ని కేథలిక్ చర్చిలూ క్రమంగా పంపనూ లేదు. అందుచేత లండనులో దొరకని పేరు ఇక్కడి చర్చి బీరువాలో దొరకవచ్చును.

కాలిపోయినవి పోగా మిగిలినవి

ఐర్లండులో కథ వేరు. 1922లో ఆ దేశంలో జరిగిన అంతర్యుద్ధంలో డబ్లిన్ నగరంలోని 'ఫోర్ కోర్ట్స్' భవనం పేలిపోయి తగలబడింది. సర్కారు దస్తరాలు దాచిన కొట్టు అందులోనే వుంది. 19వ శతాబ్దపు తొలినాటి జనాభా లెక్కల పుస్తకాలు, వందల యేళ్ల దస్తావేజులు ఒక్క పూటలో బూడిదయ్యాయి. 1861 నుంచి 1891 వరకు జరిగిన జనాభా లెక్కల కాగితాలనైతే సర్కారే అంతకుముందే నాశనం చేయించింది. ఆ మంటకు ముందటి జనాభా లెక్కలలో ఆ దేశానికి పూర్తిగా మిగిలినవి 1901, 1911 సంవత్సరాలవే.

మరి వంద, రెండువందల యేళ్లనాటి పేదరైతు పేరు ఎక్కడ మిగిలింది? కేథలిక్ విచారణ రిజిస్టర్లలో. ఒక ఫాదరీ చూసుకునే వూళ్ల సమూహాన్ని మన కేథలిక్కులు విచారణ అంటారు. ఐర్లండులో ఆ రిజిస్టర్లు రాజధానికి పోలేదు, విచారణ గురువుల ఇళ్లలోనే వుండిపోయాయి. అందుకే మంటకు దొరకలేదు. సర్కారు భవనంలో భద్రమని దాచినవి పోయాయి. పల్లె చర్చిలో పెట్టెలో పడివున్నవి మిగిలాయి.

తరువాత ఐర్లండు జాతీయ గ్రంథాలయంవారు ఆ రిజిస్టర్లను ఫిల్ముపై ఎక్కించారు. 2015 జూలైలో వాటి బొమ్మలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. వెయ్యికి పైగా విచారణలు, 3 లక్షల 70 వేలకు పైగా పుటలు. చాలావరకు 1880 వరకు నడిచిన రాతలు. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా, ఏ దేశంనుంచైనా చూసుకోవచ్చును.

చదవడం మాత్రం అంత తేలిక కాదు. చాలా రిజిస్టర్లు లాటిన్ భాషలో వున్నాయి. మన పంతులుగారు సంకల్పంలో ఇంటి పేర్లన్నిటినీ సంస్కృతంలోకి తిప్పినట్టు, అక్కడి ఫాదరీ ప్రతి పేరునూ లాటిన్‌లోకి తిప్పాడు. జేమ్స్ 'జాకోబుస్' అయ్యాడు, పాట్రిక్ 'పాట్రిసియుస్' అయ్యాడు. రాత గొలుసుకట్టు, సిరా వెలిసిపోయింది, కాగితం చెమ్మకు మచ్చలు పడింది. పైగా ఒకే విచారణలో ఒకే పేరున్న మర్ఫీలు పదిమంది వుంటారు. వారిలో మనవాడెవడు?

అక్కడే రెండు సంగతులు అక్కరకు వస్తాయి. మొదటిది, పేరు పెట్టే ఆచారం. ఐర్లండులో మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండవ కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టడం పాత ఆనవాయితీ. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టుకోవడం లేదూ? అదే. పిల్లల పేర్ల వరస చూసి తాతల పేర్లు వూహించవచ్చును.

రెండవది, తల్లి ఇంటిపేరు. ఐర్లండు కేథలిక్ రిజిస్టరులో బిడ్డ తల్లికి మామూలుగా అత్తింటి పేరు రాయరు, పుట్టింటి పేరు రాస్తారు. మర్ఫీ భార్య బ్రిజిట్ అని కాక, పాట్రిక్ మర్ఫీ, బ్రిజిట్ కెల్లీల బిడ్డ అని రాస్తారు. పదిమంది పాట్రిక్ మర్ఫీలున్నా, కెల్లీలింటి బ్రిజిట్‌ను చేసుకున్నవాడు ఒక్కడే వుంటాడు. అంటే తండ్రిని గుర్తుపట్టించేది తల్లి పుట్టింటి పేరే. ఆమె పేరు లేకపోతే ఆయన జాడ కూడా దొరకదు.

'దేశీయ స్త్రీ' – అంతే

ఇప్పుడు మన దేశానికి తిరిగి వద్దాము. ఆ ఐరిష్ సిపాయి ఇక్కడ ఎవరిని పెళ్లాడాడు? తెల్ల స్త్రీలు ఆ రోజుల్లో ఇక్కడ బహు తక్కువ. చాలామంది ఈ దేశపు స్త్రీలనే చేసుకున్నారు. కంపెనీ దొరలే ఒకప్పుడు అందుకు ప్రోత్సాహమిచ్చారు. 1687లో లండనులోని కంపెనీ డైరెక్టర్లు మద్రాసు కోటకు ఉత్తరం రాస్తూ, సిపాయిలు దేశీయ స్త్రీలను పెళ్లాడి కన్న బిడ్డకు జ్ఞానస్నానమైననాడు ఆ తల్లికి ఒక వరహా ఇవ్వవలసిందని ఆదేశించారు. వరహా అంటే బంగారు నాణెం. బిడ్డకు వెలకట్టి తల్లి చేతికి బంగారం ఇవ్వమన్నారే కాని, ఆమె ఎవరి బిడ్డ అని కనుక్కోమనలేదు.

పాత రిజిస్టర్లలో ఆ తల్లి గడి చూస్తే సంగతి తెలుస్తుంది. కొన్నిచోట్ల ఆమె పేరే లేదు. 'ఒక దేశీయ స్త్రీ' అని రాసి వదిలేశారు. మరికొన్నిచోట్ల మేరీ అనో, అన్నా అనో వుంటుంది. అది పెళ్లికి ముందు ఆమెకు జ్ఞానస్నానమిచ్చి పెట్టిన కొత్త పేరు. అంతకుముందు అమ్మానాన్నలు పెట్టిన పేరేమిటి? ఇంటి పేరేమిటి? ఏ వూరి పిల్ల? మాట్లాడింది తెలుగా, అరవమా? ఆ సంగతులు రాయడానికి గడి లేదు.

అందుచేత వేటకు బయలుదేరిన ఆస్ట్రేలియా మనవరాలికి తండ్రి వైపు దారి వేల మైళ్ల అవతల ఐర్లండు పల్లెదాకా పోతుంది. అక్కడ తాత తల్లి పుట్టింటి పేరు కూడా దొరుకుతుంది. తల్లి వైపు దారి మాత్రం మచిలీపట్నం దండులోనో, బళ్లారి దండులోనో ఒక 'మేరీ' దగ్గర తెగిపోతుంది. సముద్రం అవతలివాడి వూరు తెలిసింది. పక్క పల్లెలో పుట్టినామె వూరు తెలియలేదు.

ఐర్లండు చట్టం ప్రకారం తాతో, అవ్వో ఐర్లండులో పుట్టినట్టు రుజువుంటే మనవడు ఆ దేశపు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చును. ఆ లాభంకోసం వెతికేవారూ వున్నారు. కాని చాలామందికి ఆ లెక్క లేదు. వారి తరాలు మరీ వెనకటివి, ఆ చట్టం వారికి వర్తించదు. తమ మూలమేదో తెలుసుకోవాలన్న తపన తప్ప మరేమీ లేదు. అటువంటివారికి తల్లి గడిలోని ఖాళీ పెద్ద వెలితి.

ఇక్కడినుంచి వెళ్లినవారి కథ

ఇదంతా దొరల సంగతి, మనకెందుకు అనుకోనక్కరలేదు. ఐర్లండులో 1845 నుంచి బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన కరువు వచ్చింది. పది లక్షలమంది చనిపోయారు, మరి పది లక్షలకు పైగా ఓడలెక్కి దేశం విడిచారు. మన వైపు 1876–78 సంవత్సరాలలో ధాత కరువు వచ్చింది. నెల్లూరు జిల్లా కూడా ఆ కరువుకు గురయింది. ఆ కాలంలో, దానికి ముందూ వెనుకా కూడా మద్రాసు రేవునుంచి మనవాళ్లు కూలి ఒప్పందాలపై ఓడలెక్కారు.

దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి ఓడ 'ట్రూరో' 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది వున్నారు. 1911 వరకు మొత్తం లక్షా 52 వేలమంది నేటాలుకు వెళ్లారు. వారిలో మూడింట రెండువంతులమంది మద్రాసునుంచి వెళ్లిన తెలుగు, తమిళులు. మారిషస్‌కు 1834 నుంచే వెళ్లారు. ఫిజీ దీవులకు 1879 నుంచి 1916 వరకు 60 వేలమందికి పైగా వెళ్లగా, 1903 నుంచి మద్రాసు ఓడలు కూడా నడిచాయి.

ఓడెక్కే ప్రతి మనిషికీ ఒక నెంబరు ఇచ్చి పుస్తకంలో రాశారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చ – ఇవీ గడులు. ఇంటి పేరుకు గడి లేదు. ఇతర ప్రాంతాలవారికి అది పెద్ద నష్టం కాకపోవచ్చు. తెలుగువారికి ఇంటి పేరే వంశానికి గుర్తు. అది రాయకపోవడంతో రెండు తరాలలో మరుగున పడిపోయింది. తండ్రి పేరో, నాయుడు, రెడ్డి అన్న కులం పేరో ఇంటి పేరుగా స్థిరపడింది. దక్షిణాఫ్రికాలో ఇవ్వాళ వేలాది నాయుళ్లున్నారు, రెడ్లున్నారు. వారిలో తమ అసలు ఇంటి పేరు చెప్పగలవారు అరుదు.

ఐరిష్ సిపాయి భార్యకు జరిగిందే ఓడెక్కిన మన కూలీకీ జరిగింది. అడిగింది రాశారు, అడగనిది పోయింది.

ఆ పుస్తకాలు చాలావరకు భద్రంగా వున్నాయి. మారిషస్‌వి మోకా అనే వూరిలోని మహాత్మాగాంధీ సంస్థలోను, ఫిజీవి సువాలోని జాతీయ దస్తర భాండాగారంలోను, నేటాలువి దక్షిణాఫ్రికా దస్తర భాండాగారాలలోను వున్నాయి. వాటిని చూసి, తమ ముత్తాత వూరు ఫలానా అని తెలుసుకుని ఆంధ్రకు వచ్చేవారున్నారు. అయితే వూళ్ల పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసినవి. జిల్లాల హద్దులు కూడా అప్పటివి కావు. పాత పుస్తకంలో 'నెల్లూరు జిల్లా' అని వుంటే అది ఇప్పటి నెల్లూరే కావాలని లేదు. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో వుండేది. కనిగిరి, పొదిలి, కందుకూరు తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇక్కడినుంచి వెళ్లాయి. ఆ తరువాత కూడా మార్పులు జరిగాయి. అటువంటివారు ఎవరైనా మన పల్లెకు వచ్చి వూరి పేరు చూపిస్తే, ఈ సంగతి తెలిసిన పెద్దలు దారి చూపగలరు.

మన ఇంటి రిజిస్టరు ఏది?

మన పల్లెల్లో పూర్వం లెక్కలన్నీ కరణం దగ్గర, పుట్టుక చావుల రాత మునసబు దగ్గర వుండేవి. 1984లో ఆ వంశపారంపర్య వుద్యోగాలు రద్దయ్యాయి. పాత పుస్తకాలు కొన్ని ఆఫీసులకు చేరాయి, కొన్ని చెదలపాలయ్యాయి. భూమి కాగితాలలో యజమాని పేరు, తండ్రి పేరు దొరుకుతాయి. వాటిపై ఫసలీ సంవత్సరం వేసి వుంటే దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1300 అంటే 1890లో మొదలైన సంవత్సరమన్నమాట. బడిలో చేర్చుకునే రిజిస్టరులోనూ బిడ్డ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ వుంటాయి. ఆ తేదీ పంతులు అంచనాగా వేసింది కూడా కావచ్చును.

క్రైస్తవ కుటుంబాలకు చర్చి రిజిస్టర్లున్నాయి. కేథలిక్కులు పసితనంలోనే జ్ఞానస్నానమిస్తారు కనుక వారి రాత పుట్టుక రాతకు దగ్గరగా వుంటుంది. బాప్టిస్టులు తెలిసిన వయసు వచ్చాకే బాప్తిస్మమిస్తారు కనుక ఆ సంవత్సరాన్ని పుట్టిన సంవత్సరమని పొరపడరాదు. కొత్తగా మతంలోకి వచ్చినవారి పేరు మారి వుంటుంది. పాత పేరు ఇంట్లోవారు చెబితేనే తెలియాలి.

ఈ కాగితాలన్నిటిలోను ఒక పోలిక వుంది. చాలావరకు తండ్రి పేరే అడుగుతాయి. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు కూడా ముత్తాత, తాత, తండ్రి అని మూడు తరాల మగవారి పేర్లే వినిపిస్తాయి. ఇంట్లో వంశవృక్షం రాసుకున్నవారిని చూడండి. కొడుకుల పేర్లు కొమ్మకొమ్మకూ వుంటాయి. కోడళ్లు ఎక్కడివారో, కూతుళ్లు ఎక్కడికి పోయారో చాలావాటిలో వుండదు. నాయన తల్లి పేరు అడిగితే చాలామంది చెబుతారు. ఆమె పుట్టింటి పేరు, పుట్టిన వూరు అడిగితే తడుముకుంటారు. ఆమె తల్లి సంగతి అడిగితే నోరు మెదపరు. ఐరిష్ సిపాయి ఇంట 'మేరీ' గడి ఖాళీగా వుందని చెప్పుకున్నాము. ఆ గడి మన ఇళ్లలోనూ ఖాళీగానే వుంది.

ఈ మెట్టప్రాంతంనుంచి పనులకోసం, చదువులకోసం బెంగుళూరు, హైదరాబాదు, గల్ఫు దేశాలు, అమెరికా చేరినవారి సంఖ్య తక్కువ కాదు. వారి మనుమలు రేపు ఇదే ప్రశ్న వేస్తారు. అప్పటికి ఆధార్ కార్డులుంటాయి, పాస్‌పోర్టులుంటాయి. వాటిలోనూ అవ్వ పుట్టినూరుకు గడి లేదు.

అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. రెండువందల పుటల నోటుపుస్తకం ఒకటి చాలు. ఇంట్లో పెద్దావిడను కూర్చోబెట్టి అడగాలి. "అవ్వా, నీ పుట్టింటి పేరేంది? పుట్టినూరేది? మీ అమ్మ పేరేంది, ఆమెది ఏ వూరు? నీకు పెళ్లయినప్పుడు ఏ కరువో, ఏ వానో గుర్తుందా?" అని అడిగితే చాలు. తేదీ చెప్పలేకపోయినా ఫలానా గాలివాన యేడు, ఫలానా చెరువు తెగిన యేడు అని చెబుతారు. దాన్నిబట్టి సంవత్సరం తేల్చుకోవచ్చును. విన్నది విన్నట్టు తెలుగులోనే రాయాలి. రాసినవారి పేరు, తేదీ వేయాలి. నకలు ఒకటి ఆడబిడ్డ ఇంటికీ పంపాలి. ఒకచోట వున్నది నిప్పుకో చెదలకో పోతే రెండవచోట మిగులుతుంది. డబ్లిన్ మంట నేర్పిన పాఠం ఇదే.

ఐర్లండు పల్లె ఫాదరీ ఎవరికోసమని ఆలోచించి రాయలేదు. వచ్చిన బిడ్డ తల్లి పుట్టింటి పేరు అడిగి, రెండు ముక్కలు గీసి, పుస్తకం మూశాడు. రెండువందల యేళ్ల తరువాత ఆ రెండు ముక్కలే వేల కుటుంబాలకు ఆధారమయ్యాయి. మన వాకిళ్లలో ఆ మాట చెప్పగల అవ్వలు ఇంకా వున్నారు. అడగవలసినవారు అడగాలి, అదీ ఆలస్యం చేయకుండా.